మిల్లులో కొయ్యని కోడి

మనిషి చేతికి చట్టంలో ధరలు వేసి ఉంటాయని నాకు అరవై దాటాక తెలిసింది. బొటనవేలికి ఒక లెక్క, చూపుడువేలికి ఒక లెక్క, చిటికెన వేలికి ఇంకో లెక్క. కణుపు దాకా పోతే ఒకటి, మొదలంటా పోతే ఒకటి. నా కుడిచేతి కట్టు చూసి మా ప్లీడరు మొహం విప్పారింది. "చూపుడువేలూ నడిమివేలూ పోయాయి కాబట్టి పర్వాలేదమ్మా, అదే చిటికెన వేలయితే చాలా తక్కువొచ్చును" అన్నాడు. ముందే ఆయన్ని అడిగి పనికి వెళ్ళి ఉంటే బొటనవేలు కూడా పెట్టమనేవాడు కాబోలు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఇప్పుడు రాస్తున్నవి బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పెన్ను ఇరికించి రాస్తున్నవి. వంకరగా ఉన్నాయని మా కోడలంటుంది. వేళ్ళున్నప్పుడూ వంకరగానే ఉండేవి.

నేను పనిచేసిన మిల్లు రాజాం దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు. లోపల గోగునారతో పురికొస తీస్తారు. పొలం నుంచి వచ్చిన నార గట్టిగా, ముళ్ళముళ్ళుగా ఉంటుంది. దాని మీద నూనే నీళ్ళూ చల్లి, గాడులు గాడులుగా ఉన్న ఇనప రోలర్ల జంటలోంచి పంపిస్తే మెత్తబడుతుంది. ఆ రోలర్ల నోటికి నార అందించడం నా పని. రోలర్ల ముందు ఇనప జాలీ ఒకటి ఉండాలి. ఉండేది కూడా. దానికి నార అడ్డం పడి పని ఆలస్యమవుతోందని మేస్త్రి ఊడదీసి గోడకి ఆనించేశాడు. పై నుంచి ఎవరైనా చూడడానికి వస్తున్నారంటే బిగించేవాడు, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ ఊడదీసేవాడు. అల్లుడొస్తే పరిచి, వెళ్ళగానే మడతపెట్టే కొత్త దుప్పటిలాగ.

మిల్లు షావుకారుకి నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళింట్లో ఉల్లిపాయ కూడా తరగరు. ఏటా శ్రీకూర్మంలో వాళ్ళ పేరున సేవ జరుగుతుంది. అందుకని దసరాకి ఆయుధ పూజ వస్తే మిగతా మిల్లుల్లో కోడిని కోసేవారు గానీ మా మిల్లులో గుమ్మడికాయ కొట్టేవారు. మిషన్లు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ఒక్కోదానికి పసుపుదారం కట్టేవారు. షావుకారు ఇంట్లో పూజ చేసే పంతులుగారే వచ్చి మిల్లులోనూ పూజ చేసేవారు. ఆ దారం కట్టిన తరవాత మర్నాడు పొద్దున్న ఆయనే వచ్చి ఉద్వాసన చెప్పేదాకా మిషను తిప్పకూడదు. తిప్పితే అమ్మవారికి తప్పు చేసినట్టు. మా వైపు కొడవలి కూడా ఆరోజు ముట్టరు.

ఆ ఏడాది పూజ అయి, పంతులుగారు వెళ్ళి, మేము ఇంటికొచ్చి భోజనాలు చేశాక మేస్త్రి మా ఊరొచ్చాడు. ఒరిస్సా వెళ్ళే లారీ ఒకటి సరుకు కోసం నిలబడి ఉందట. కాసేపు పని చేస్తే అయిపోతుందట. షావుకారు పండగ బహుమానం వేరుగా ఇస్తారట. పిలిచినవాళ్ళమందరం వెళ్ళాం. నేనూ వెళ్ళాను. దారి పొడుగునా కబుర్లాడుకుంటూ వెళ్ళాం తప్ప ఒక్కదానికీ అమ్మవారు గుర్తు రాలేదు. కూలికి వెళ్ళేటప్పుడు ఆవిడ గుర్తురాదు. సాక్ష్యానికి పిలిచినప్పుడు గుర్తొస్తుంది.

మేస్త్రి పసుపుదారం తెంపలేదు. ఊడదీసి పక్కనున్న మేకుకి తగిలించి మీట నొక్కాడు. దారం తెగకపోతే పాపం అంటదని ఆయన శాస్త్రం. షావుకారు గుమ్మం దగ్గర నిలబడి లారీ వైపు చూస్తున్నాడు.

నార పేట ఒకటి నా వేళ్ళకి మెలిపడింది. విదిలించుకునే లోపలే రోలరు లాగేసింది. నొప్పి వెంటనే తెలియలేదు, చప్పుడు తెలిసింది. దాని గురించి ఇంతకంటే రాయను. మేస్త్రి కరెంటు ఆపి, రోలరుని చేత్తో వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీశాడు. మా తోడికోడలు తన పమిట చెంగు చింపి కట్టు కట్టింది. అప్పుడు మేస్త్రి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవులికీ సెప్పకండి" అని. నన్ను ఆటో ఎక్కిస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. ఆయన రోలర్ల మీద నీళ్ళు చల్లి, నెత్తురు మరకల మీద పసుపూ కుంకుమా మెత్తుతున్నాడు. దారం మళ్ళీ దాని చోట కట్టేశాడు.

విజయనగరం ఆసుపత్రిలో రెండు వేళ్ళూ తీసేశారు. కమలాపళ్ళు పట్టుకుని మేస్త్రి వచ్చాడు. ఆరోజు పండగ కాబట్టి మిల్లు మూసి ఉందనీ, ఇంట్లో కూర తరుగుతూ కత్తిపీట మీద కోసుకున్నాననీ చెప్పమన్నాడు. ఆసుపత్రి ఖర్చు షావుకారు చూసుకుంటారట. నేను పళ్ళు తీసుకున్నాను, మాట తీసుకోలేదు. కట్టు కట్టిన డాక్టరు వేళ్ళు తెగలేదు, నలిగాయి అని రాశాడు. దాంతో కత్తిపీట పోయింది. అప్పుడు షావుకారు తరపు ప్లీడరు ఇంకోటి వెతికాడు. దసరా సంబరాల్లో చెరుకురసం బండి దగ్గర మిషనులో వేళ్ళు పెట్టుకుని ఉంటానట. అరవై ఏళ్ళదాన్ని, రసం తాగడానికి వెళ్ళి చెరుకుతో పాటు చెయ్యి కూడా ఇచ్చాననమాట.

పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇయ్యాలని లేబరాఫీసులో అర్జీ పెట్టించాను. అర్జీ పెట్టినప్పుడు మాది శ్రీకాకుళం జిల్లా. తరవాత జిల్లాలు మార్చారు, రాజాం విజయనగరంలో కలిసింది. నేను అరుగు మీంచి లేవకుండానే జిల్లా దాటేశాను గానీ నా కాగితాలు ఆ కాస్త దూరం రావడానికి చాలా కాలం తీసుకున్నాయి. వచ్చాక తేలిందేమిటంటే, దెబ్బ ఎలా తగిలిందన్నది కాదు గొడవ. ఆరోజు మిషను ఆడిందా లేదా అన్నదే. ఆడిందని ఒక్కరు చెప్తే నాకు పరిహారం వస్తుంది. ఎవరూ చెప్పకపోతే నేను చెరుకురసం తాగబోయిన ముసలిదాన్ని.

సాక్షులకేం కరువు? ఆరోజు నా పక్కన ఉన్నవాళ్ళందరూ మా ఊరి ఆడవాళ్ళే. ముందు మా తోడికోడలి దగ్గరికి వెళ్ళాను. నాకంటే చిన్నది, అక్క వరసని అప్పా అని పిలుస్తుంది. వాకిట్లో కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది.

"ఒలే, నా సెయ్యి కట్టింది నువ్వే కదే. ఆ మాటే సెప్పు, సాలు" అన్నాను.

"సెప్తానప్పా. సెప్పినాక ఊరోలు నన్నేటి సేస్తారో అదీ నువ్వే సెప్పు."

ఊరి సంగతి ఏమిటంటే, ఆ దసరా వెళ్ళాక మా ఊళ్ళో పశువులకి జబ్బు చేసింది. కొన్ని పోయాయి. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేసి వెళ్ళాడు గానీ, ఊరి పెద్దలు కూర్చుని ఎవరో అమ్మవారికి తప్పు చేశారని తేల్చారు. ఆ చేసినవాళ్ళు బయటపడితే ఊరికి తప్పు, అంటే జరిమానా, కట్టాలి, అమ్మవారి పండగ ఖర్చంతా మొయ్యాలి. పూజ చేసిన మిషను తిప్పామని ఆఫీసులో చెప్తే, ఆ తప్పు మేమే చేశామని ఊరికి చెప్పినట్టే.

"మిల్లులో మిసను తిరిగితే ఊళ్ళో ఆవులెందుకు సస్తాయే?" అన్నాను.

"నాకేటి తెలుసు. తిరిగిందని నానంటే, సచ్చిన ఆవులన్నీ నా నెత్తి మీదే పడతాయి."

"మరి నా ఏళ్ళు?" చెయ్యి చూపించాను.

అది చింతపండు లోంచి తలెత్తలేదు. "నీ ఏళ్ళు పోనే పోనాయి కదప్పా. మా గేద ఇంకా బతికున్నాది."

మిగతావాళ్ళు ఈమాత్రం కూడా తెగించి చెప్పలేదు. ఒకదానికి ఆరోజు తలనొప్పట, పనికే రాలేదట. ఇంకొకతె నన్ను చూసి లోపలికి వెళ్ళి, ఇంట్లో లేనని కూతురిచేత చెప్పించింది. కలిసి అన్నం తిన్నవాళ్ళు, కలిసి కూలికి వెళ్ళినవాళ్ళు. షావుకారుకి భయపడితే నేను ఒక మాట అనేదాన్ని కాదు. అతను పని మానిపించగలడు. వీళ్ళు భయపడింది చచ్చిన ఆవులకి.

లేబరాఫీసు నుంచి ఒకాయన విచారణకి వచ్చినప్పుడు నిజం చెప్పింది ఒక్కరే, పంతులుగారు. అదీ నా కోసం కాదు. మర్నాడు ఉద్వాసనకి వెళ్తే రోలర్ల కింద ఎండిన నెత్తురు, దాని మీద ఈగలు, పైన తాను పెట్టని కుంకుమ కనిపించాయనీ, తన పూజ మైలపడిందనీ ఆయన ఫిర్యాదు. ఆ నెత్తురు ఎవరిదని ఆయన అడగనే లేదు. నేను ఎదురుగానే కూర్చున్నాను, మూడు వేళ్ళ చేత్తో.

దాంతో అందరం విజయనగరంలో ఆఫీసరు గారి బల్ల ముందు చేరాం. ఆఫీసరు నెమ్మదైన మనిషి. పూజ అయ్యాక మిల్లు మూసేశారంటున్నారు, మరి మర్నాటి పొద్దున్నకి రోలర్ల మీద నెత్తురెలా వచ్చింది అని షావుకారుని అడిగాడు. షావుకారు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి పైన తిరిగే ఫ్యాను వైపు చూశాడు. చివరికి షావుకారే, అది కోడి రక్తమండీ అన్నాడు. పనివాళ్ళు మొక్కుకున్నారు, వద్దనలేకపోయాను అన్నాడు. మూసేసి వెళ్ళిపోయామన్నారు కదా, మీరు లేనప్పుడు పనివాళ్ళు లోపలికి వెళ్ళి ఏం చేశారో మీకెలా తెలుసు, మిషను కూడా తిప్పి ఉండొచ్చు కదా అని ఆఫీసరు అడిగాడు. అక్కడ ఇరుక్కున్నాడు. మిషను ఆడలేదని చెప్పాలంటే తను దగ్గరున్నానని చెప్పాలి. తను దగ్గరుంటే కోడి కూడా తన ఎదుటే తెగాలి.

"దగ్గరుండి నేనే కోయించానండి" అన్నాడు.

మా ఆడవాళ్ళ మొహాల్లో వెలుగు చూడాలి. వాళ్ళ పాపం మొత్తం ఒక కోడి మోసుకుపోయింది. కోడిని కొయ్యడం మా ఊళ్ళో తప్పు కాదు, పండగ. అందరూ వరసగా అవునన్నారు. పనికే రాని తలనొప్పి మనిషి కూడా అవునంది. మా తోడికోడలైతే ఎర్ర పుంజండి అని రంగు కూడా చెప్పింది. ఇంకొంచెం సేపు అడిగితే కాలు ముక్క ఎవరికి పడిందో కూడా చెప్పేది. నా నెత్తురుని నా ఎదుట కూర్చుని కూర వండుకుని తినేశారు. మా ప్లీడరు కాగితాలు సర్దుకుంటూ, కొంచెం కష్టమేనమ్మా అన్నాడు. ఆఫీసరు వాయిదా వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు అందరం ఒకే బస్సెక్కాం. తోడికోడలు నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా వెళ్ళి నిలబడింది.

ఆ కోడి అక్కడితో ఆగి ఉంటే నా కథ కూడా అక్కడితో ఆగేది. కానీ ఆఫీసులో చెప్పిన మాట రాజాంలో పంతులుగారికి తెలిసింది. తను లక్ష్మీదేవి పటం పెట్టి పూజ చేసిన చోట షావుకారు దగ్గరుండి కోడిని కోయించాడని వినేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. ఆయన తిన్నగా షావుకారు ఇంటికి వెళ్ళి, షావుకారు తల్లికి చెప్పారు. ప్రాయశ్చిత్తం జరిగేదాకా ఈ గడప తొక్కనన్నారు. ఆవిడకి ఎనభై దగ్గర పడ్డాయి. మేం పెద్దమ్మగారు అంటాం. ఆ మాట వినగానే ఆవిడ ఇల్లంతా పసుపునీళ్ళు చల్లించి, వెనక గదిలోకి మారిపోయి, వేరే పొయ్యి పెట్టుకుని తన బియ్యం తను వండుకోవడం మొదలుపెట్టిందట. కొడుకు డబ్బుతో కొన్న ఉప్పు కూడా ముట్టదట. కొడుకు ఎదురొస్తే గోడవైపు తిరుగుతుందట. కోడి లేదని అతను ఎంత చెప్పినా, ఆఫీసులో పెద్దమనిషి ముందు నీ నోటితోనే చెప్పావు కదా, అక్కడ అబద్ధమా ఇక్కడ అబద్ధమా అని ఒకే మాటట.

ఒక పొద్దున్న షావుకారు మా ఇంటికొచ్చాడు. అన్నేళ్ళు వాళ్ళ మిల్లులో పనిచేస్తే, వేళ్ళు పోయినప్పుడు రానివాడు, అప్పుడొచ్చాడు. కారు మా సందులోకి పట్టదు, చివర్న ఆపి నడిచి వచ్చాడు. మా కోడలు ప్లాస్టిక్ కుర్చీ వేసింది. మా పెరట్లో కోళ్ళు తిరుగుతుంటాయి. ఒకటి కుర్చీ కిందికి వస్తే కాళ్ళు పైకి తీసుకుని కూర్చున్నాడు.

"అప్పా, మాయమ్మ నా సేతి ముద్ద ముట్టడం లేదు" అన్నాడు.

"ఇన్నాను బాబూ. ఏరే ఒండుకుంటన్నాదట కదా."

"నా మాట నమ్మదు. నువ్వొచ్చి ఒక్క మాట సెప్పాల. అక్కడ కోడిని కొయ్యలేదని."

"కోడి కాకపోతే మరేటని సెప్పమంటావు?"

అతను నా చేతి వైపు చూశాడు. నిజంగా చూడడం అదే మొదటిసారి. "నీ ఏళ్ళని" అన్నాడు.

"ఈ మాట ఇక్కడ సెప్పడానికి నీకు నోరొచ్చింది. ఆపీసులో రానేదు."

"ఆపీసు ఏరు, ఇల్లు ఏరు, అప్పా."

"నాకు ఏరు కాదు బాబూ. ముందు నువ్వెళ్ళి ఆపీసరుగారికి సెప్పు, మిసను తిప్పించినాను, దీని ఏళ్ళు పోనాయి అని. తరవాత నానొచ్చి మీయమ్మకి సెప్తాను."

ఇంకేమైనా అడగమన్నాడు. మా అబ్బాయికి పని ఇస్తానన్నాడు. మేస్త్రిని తీసేస్తానన్నాడు. తీసేస్తానన్నది విని నవ్వొచ్చింది, జాలీ ఊడదీసింది మేస్త్రే అయినా గుమ్మంలో నిలబడి చూసింది ఎవరు? నేను నా మాట మార్చలేదు. అతను లేచి, ఆ కోడిని తప్పించుకుంటూ సందు చివరిదాకా నడిచి వెళ్ళాడు.

తరవాతి వాయిదాకి వచ్చి చెప్పాడు. నేలకేసి చూస్తూ చెప్తే ఆఫీసరు గట్టిగా చెప్పమన్నాడు. గట్టిగా చెప్పాడు. కోడి లేదు, మిషను తిప్పించాం, పనిలోనే దెబ్బ తగిలింది అని. మరి అందరూ కోడిని చూశామన్నారే అని ఆఫీసరు మా ఆడవాళ్ళని చీవాట్లు పెట్టాడు. ఎర్ర పుంజు రంగు చెప్పిన మా తోడికోడలు మేస్త్రితో పాటు ఫ్యాను వైపు చూసింది. పరిహారం ఇయ్యమని ఉత్తరువు వచ్చింది, డబ్బూ వచ్చింది. ఎంతో రాయను. ఊళ్ళో చాలామంది నన్నడిగింది అదొక్కటే.

చట్టానికి భయపడని మనిషి, దేవుడికి భయపడని మనిషి, నా చెయ్యి చూసి జాలిపడని మనిషి, తల్లి విడిగా పొయ్యి పెట్టుకుంటే లొంగిపోయాడు. తల్లి మీద అంత ప్రేమ అని ఊళ్ళో మెచ్చుకున్నవాళ్ళున్నారు. నాకు ప్రేమ కనపడలేదు. నలుగురిలో తల్లి చీదరించుకున్న కొడుకుగా ఉండలేకపోయాడు, అంతే.

ఊళ్ళో పెద్దలు కూర్చున్నారు. పూజ మిషను తిప్పామని తేలిపోయింది కాబట్టి మేమందరం తప్పు కట్టాలన్నారు. మిగతావాళ్ళు గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. నా వంతు వచ్చేసరికి, "అమ్మోరికి ఇయ్యాల్సింది రోలరు కాడే ఇచ్చేసినాను, సాలకపోతే ఆవిణ్ణే వొచ్చి అడగమనండి" అని లేచి వచ్చేశాను. వెనక తోడికోడలు ఏదో అంటోంది. దాని గేదె మాత్రం బాగానే ఉంది, ఈమధ్యే ఈనింది.

చెప్తానన్నాను కాబట్టి పెద్దమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వెనక గదిలో పీట మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. తెల్లగా, శుభ్రంగా ఉంది. నన్ను గుమ్మం అవతలే ఆగమంది. నేను ఫలానా అని చెప్పుకున్నాను.

"నిజం చెప్పు. మిల్లులో కోడిని కోశారా?" అంది.

"నేదమ్మగారూ. అది నా నెత్తురు. మిసనులో పడి నా ఏళ్ళు పోనాయి." చెయ్యి పైకెత్తి చూపించాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఇటూ అటూ తిప్పమంటే తిప్పాను. మిగిలిన మూడు వేళ్ళనీ, మొండి మొదళ్ళనీ బాగా చూసుకుంది. అప్పుడు కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది.

"హమ్మయ్య. నీ వేళ్ళేనా. కోడి కాదు కదా" అంది.

మొహం ఎంత తేలికపడిందంటే, పదేళ్ళు తగ్గినట్టు కనిపించింది. తన కొడుకు అలాంటి పాడుపని చేసేవాడు కాదని తనకి తెలుసట. కూర్మనాథస్వామి కాపాడాడట. లోపలికి కేకవేసి, ఎండలో పడి వచ్చింది, దీనికి మజ్జిగ ఇయ్యండి అని చెప్పింది. పనిమనిషి స్టీలు గ్లాసుతో తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా గుమ్మం మీద పెట్టింది.

"కోడనుకున్నప్పుడు అన్నం మానేసినారు అమ్మగారూ. ఏళ్ళని తెలిసినాక మజ్జిగిస్తన్నారు" అన్నాను.

ఆవిడ వత్తులు పక్కన పెట్టి నా వైపు చూసింది. నేను తిట్టాననుకోలేదు. మెచ్చుకున్నాననే అనుకుంది.

"తాగవే. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు" అంది.

దాహంగానే ఉంది. గ్లాసు ముట్టకుండా చెప్పులేసుకుని బయటికొచ్చాను. సందు మొదట్లో షావుకారు నిలబడి ఉన్నాడు, అమ్మ ఏమంది అని అడిగాడు.

"అన్నం పెట్టమన్నాదిరా, ఎల్లు" అన్నాను. అతన్ని 'బాబూ' అని కాకుండా 'రా' అని పిలవడం అదే మొదలు. అతను విననట్టే ఇంట్లోకి పరిగెత్తాడు.